వద్దన్నవాడు ఒడ్డున

మా బొబ్బిలి వైపు "వద్దు" అన్నది తీర్పు కాదు, వాయిదా. ఉద్యోగమంతా కోర్టులో ఫైళ్ళు మోసి, పేర్లు పిలిచి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు బాగానే తెలుసు. మిట్టమధ్యాహ్నం ఎవరింటికైనా వెళ్ళామనుకోండి, "బోంచేసి ఎల్లండి" అంటారు. పొద్దుట్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనివాడు కూడా "ఇప్పుడే తినేసి వచ్చామండీ" అనాలి. అది మొదటి వాయిదా. "రెండు మెతుకులైనా తినండి" అంటే "అబ్బే, కడుపులో చోటు లేదండీ" అనాలి. అది రెండోది. మూడోసారి ఇంటివాళ్ళు చెయ్యి పట్టుకు లాగి విస్తరి ముందు కూలేస్తే, అప్పుడు "మీరింతలా అంటన్నారు కాబట్టి" అని కూర్చుని, మూడు వాయిదాల ఆకలీ ఒక్కసారే తీర్చుకోవాలి. మా పెదనాన్న ఓసారి గరివిడిలో ఎవరింట్లోనో రెండుసార్లు వద్దన్నాడట. వాళ్ళు మూడోసారి అడగడం మరిచిపోయారు. ఆయన నకనకలాడుతూ బస్టాండుకి నడిచొచ్చి అరటిపళ్ళు కొనుక్కు తిన్నాడు. ఆ ఇంటి మీద కోపం ఆయనతోనే పోలేదు. ఆస్తి అంటూ ఏమీ లేదు గనక, మాకు అదే వారసత్వంగా వచ్చింది.

మా అల్లుడికి ఇవేవీ తెలియవు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. ఒకసారి అడుగుతాడు, చెప్పిన జవాబు నమ్ముతాడు. అల్లుడు మంచివాడు కావాలని దేవుడికి మొక్కుకున్నది నేనే, కానీ మరీ ఇంత మంచివాడితో ఎలా వేగాలో మాత్రం దేవుడు చెప్పలేదు.

పెళ్ళైన మరుసటేడు అతనూ మా అమ్మాయీ కలిసి మమ్మల్నిద్దర్నీ కాశీ తీసుకెళ్ళారు. టిక్కెట్లు, గది, తిండి అన్నీ అతనే చూసుకున్నాడు. నా సిగ్గు విజయనగరం స్టేషన్లోనే మొదలైంది. పిల్లనిచ్చిన చోట పెట్టాలే గాని పుచ్చుకోకూడదని మా పెద్దల పట్టింపు. మా తాత కూతురి ఊరు వెళ్తే మంచినీళ్ళు కూడా పక్కింట్లో అడిగి తాగేవాడు. అలాంటి తాతకి మనవణ్ణయ్యుండి నేను అల్లుడి సొమ్ముతో ఏసీ బోగీలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. చలికి ఆ దుప్పటి సరిపోయింది గాని సిగ్గుకి చాల్లేదు.

అందుకని కాశీలో దిగింది మొదలు అతని ఖర్చు తగ్గించడమే నా పుణ్యకార్యమైంది. ఆటో వద్దు, నడుద్దాం. హోటలెందుకు, మా అటుకులున్నాయి కదా. రోజూ తెల్లారగట్ల లేచి, అల్లుణ్ణీ అమ్మాయినీ వెంటేసుకుని, గంగ ఒడ్డునే ఒక ఘాటు నుంచి ఇంకో ఘాటుకి మెట్లెక్కుతూ దిగుతూ తిరిగేవాణ్ణి. మా ఆవిడ రాలేదు. ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. గదికి దగ్గర్లో ఉన్న మెట్ల దాకా మెల్లగా పట్టుకు తీసుకొస్తే ఒక వెడల్పాటి మెట్టు మీద కూర్చుని, "మీరెల్లి రండి, నేను సామాన్లు సూస్తాను" అనేది. సంచులు, చెప్పులు ఆమె చుట్టూ పేర్చేసి మేం వెళ్ళిపోయేవాళ్ళం. తిరిగొచ్చాక అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేవాణ్ణి. చెప్పడం నాకిష్టం. ఆమె వినేది.

ఆఖరి సాయంత్రం. మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు. అమ్మాయి గాజుల కొట్టుకి వెళ్ళింది. మేం ముగ్గురం ఆ మెట్ల మీద ఉండగా ఒక పడవవాడు వచ్చి, "రండమ్మా, బోటు, హారతి, అన్ని ఘాట్లు చూపిస్తా" అని తెలుగులోనే పిలిచాడు. మనవాళ్ళు వెళ్ళీ వెళ్ళీ వాళ్ళకి మన భాష వచ్చేసింది. పడవంతా మనదేనట, హారతి అయ్యేదాకా నీళ్ళ మీదే ఉండొచ్చట. ధర కూడా తెలుగులోనే చెప్పాడు. అది ఏ భాషలో చెప్పినా గుండె ఆగేలాగే ఉంది.

"వెళ్దామా మావయ్యా? కాశీ వచ్చి బోటెక్కకపోతే ఎలా?" అన్నాడు అల్లుడు.

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. కాశీ అంటే కేలండర్ల మీదా ఫోన్లలోనూ కనిపించే ఆ బొమ్మే కదా. సంధ్య వెలుగు, నది, పడవ. మనసులో ఆ పడవ నేనెప్పుడో ఎక్కి కూర్చున్నాను. కానీ అతను అడిగింది మొదటిసారి. పైగా డబ్బు పెట్టేది అల్లుడు.

"మునగడానికొచ్చాం గాని నాయనా, తేలడానికి కాదు" అన్నాను.

అల్లుడు నవ్వాడు. పడవవాడు ఎంత అర్థమైందో గాని వాడూ నవ్వాడు. నా మాటకి నేనే మురిసిపోయి, ఆ ఊపులో "ఒడ్డు నుంచి కనిపించేదీ గంగే కదా, నడిమధ్యకి వెళ్తే ఇంకో గంగ కనిపిస్తుందా? పుణ్యానికొచ్చి షికార్లేంటి?" అని ఇంకో రెండు తగిలించాను.

"మరి అత్తయ్య..." అంటూ అతను అటు తిరగబోయాడు.

"ఆవిడకీ వద్దులే, మెట్లు దిగలేదు" అని ఆమె తరఫున కూడా వకాల్తా పుచ్చుకున్నాను.

"సరే మావయ్యా" అని అతను పడవవాడికి అక్కర్లేదని సైగ చేశాడు. వాడు పక్క మెట్ల మీదున్న మరో కుటుంబం దగ్గరికి పోయాడు.

నేను రెండోసారి కోసం చూస్తూ నిలబడ్డాను. అల్లుడు ఫోను తీసి హారతి వేళ చూసుకుంటున్నాడు. రెండోసారి రాలేదు. వాయిదా పడుతుందనుకున్న కేసు మొదటి పిలుపులోనే కొట్టేశారు.

అప్పుడు మా ఆవిడ పక్కన కూలబడ్డాను. ఆమె పడవవాడు పోయిన వైపే చూస్తోంది.

"ఏటలాగున్నావు?" అన్నాను.

"ఏటీ లేదు."

మా ఇంట్లో ఏటీ లేదంటే చాలా ఉందని.

"రేటు యిన్నావా? అంత పెట్టి ఎక్కితే అందులో ఏటుంటాది?"

"మీకేటీ ఉండదు. మీరన్నీ సూసేసారు" అంది. గొంతు పెంచలేదు. "ఈ సివర్నుంచి ఆ సివరికి తిరిగొచ్చి రోజూ నాకు సెప్పేరు. నేను కాశీలో సూసింది ఈ మెట్లూ, మీ సెప్పులూను."

మళ్ళీ తనే, "పడవైతే కూకునే అన్నీ సూడొచ్చునని ఇంటికాడ బయల్దేరినప్పట్నుంచీ అనుకుంటన్నాను" అంది.

నాకది షికారు. ఆమెకది కాళ్ళు. రోజూ ఆ మోకాళ్ళకి తైలం రాసింది నా చేతులే. ఈ చిన్న సంగతి చేతుల్లోంచి తలకెక్కలేదు.

ఇక అల్లుడితో చెప్పాలి. ఎలా చెప్పడం? వద్దన్న నోటితోనే కావాలనాలి, అదీ అల్లుణ్ణి అడగాలి. నేరుగా అడగడం మా వైపు రాదు గనక చుట్టూ తిరిగాను.

"గాలి హాయిగా ఉంది బాబూ. నీళ్ళ మధ్య ఇంకా బావుంటుందేమో."

"చలిగా ఉందా మావయ్యా? గదికి వెళ్దామా?"

"అబ్బే, అది కాదు. పడవలు చాలానే తిరుగుతున్నాయి కదా, చూస్తున్నాను."

"అవును, ఇవాళ బాగా రష్‌గా ఉంది. మీరు వద్దనడమే మంచిదైంది."

అతనికి సూచన అందదు, నాకు సూచించడం తప్ప ఇంకేమీ రాదు. ఇంతలో మా అమ్మాయి గాజుల పొట్లం పట్టుకుని దిగొచ్చింది.

"అదేటి, ఇంకా ఇక్కడే ఉన్నారు? బోటు మాటాడలేదా?"

"మావయ్య వద్దన్నారు" అన్నాడు అల్లుడు.

"నువ్వెన్నిసార్లు అడిగావు?"

"ఒకసారి. ఏం?"

అమ్మాయి పొట్లం మెట్టు మీద పెట్టేసి తల పట్టుకుంది. "ఒక్కసారేటి! మా నాన్నకి అన్నం పెట్టాలంటేనే మూడుసార్లు అడగాల. బోటుకి ఒక్కసారడిగేసి ఊరుకున్నావా!"

పై మెట్టు మీద ఏ ఊరివాళ్ళో, మనవాళ్ళే, పకపకా నవ్వారు. అల్లుడు మాత్రం నవ్వలేదు. తనేదో మర్యాద తప్పాననుకున్నాడు పాపం. నా ఎదురుగా వచ్చి, చేతులు కట్టుకున్నంత పనిచేసి, "సారీ మావయ్యా. రెండోసారి అడుగుతున్నాను, బోటెక్కుదామా?" అన్నాడు.

నా తప్పుకి అతను సిగ్గుపడుతున్నాడు. ఎక్కుదాం బాబూ అనాలి, అంతే. అనడానికే నోరు తెరిచాను. ఆ నోరు దాని అలవాటు అది మానుకోలేక, "అబ్బే, ఇప్పుడెందుకులే బాబూ..." అంది.

"అయితే మూడోసారి..." అని అల్లుడు అందుకోబోయాడు.

"ఆగు బాబూ" అంది మా ఆవిడ. "ఆయన్ని ఎన్నిసార్లయినా అడుగుదువు గాని. నన్ను ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు."

అల్లుడు ఆమె కంటే కిందిమెట్టు మీదకి దిగి గొంతుక్కూర్చున్నాడు.

"అత్తయ్యా, మీకు బోటెక్కాలనుందా?"

"ఉంది బాబూ. ఎక్కుతాను."

మా ఇంటావంటా ఎవరూ మొదటిసారికే ఔనన్నట్టు నేనెరగను.

అప్పటికి విడి పడవలన్నీ వెళ్ళిపోయాయి. అందర్నీ కలిపి ఎక్కించుకునే పెద్ద పడవొకటి కదలబోతోంది, ముగ్గురికే చోటుంది. "మీరెళ్ళండి మావయ్యా, నేనుంటాను" అన్నాడు అల్లుడు. వద్దన్నాను. అతను నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఇది నమ్మదగ్గదేనని తేల్చుకున్నట్టున్నాడు, ఇంకేమీ అనలేదు. అటు అమ్మాయీ ఇటు అల్లుడూ పట్టుకుంటే మా ఆవిడ ఒక్కో మెట్టూ దిగింది. పడవవాడు చెయ్యందించాడు. బల్ల మీద సర్దుకుని కూర్చుని, కొంగు భుజం చుట్టూ లాక్కుని, నది వైపు తిరిగింది. వెనక్కి చూడలేదు. వెనక ఉన్నది ఆమె రోజూ చూసిందే.

నేను ఆమె కూర్చున్న చోట, సంచులూ చెప్పుల మధ్య కూర్చున్నాను. ఎదురుగా టీ అమ్మేవాడి పెద్ద గొడుగు సగం నదిని కప్పేసింది. ఎడమ పక్క ఒక గోడ. కుడి పక్క జనాల వీపులు. గొడుగుకీ గోడకీ మధ్య తలుపు తెరిచినంత మేర నీళ్ళు. పడవలు గొడుగు వెనక నుంచి వచ్చి గోడ వెనక్కి పోతున్నాయి. రోజూ పొద్దున్న ఆమెను ఇక్కడ కూర్చోబెట్టి, "నీదే అదృష్టం, నడిచే పని లేకుండా గంగమ్మ ఎదురుగా" అనేవాణ్ణి. ఒక్కసారైనా పక్కన కూర్చుని చూడలేదు.

హారతి మొదలైంది. నాకు గంటలు వినిపించాయి, గొడుగు మీదుగా పొగ కనిపించింది. వాళ్ళ పడవ ఆ సందులోంచి ఒకసారి దాటింది. మా ఆవిడ చెయ్యి చాపి అల్లుడికి ఏదో చూపిస్తోంది. నేను చెయ్యెత్తి ఊపాను. వాళ్ళు చూడలేదు గాని, పిలుస్తున్నాననుకుని ఇంకో పడవవాడు పరిగెత్తుకొచ్చాడు.

"బోటు సార్?"

"వద్దు" అన్నాను. వాడూ ఒక్కసారే అడిగాడు.

తిరిగొచ్చాక ఆమె నన్నొక్క మాట అనలేదు. అనుంటే వాదించి తేలిక పడేవాణ్ణి. గదిలోనూ, మర్నాడు రైల్లోనూ తను చూసినవే చెప్పింది. పక్కకి ఒరిగిపోయిన గుడి, కోటలాంటి ఎర్ర గోడలు, మెట్ల దిగువన కాలుతున్న చితులు, వాటి పక్కనే గాలిపటాలెగరేస్తున్న పిల్లలు. అవన్నీ నేను కాళ్ళతో తిరిగిన చోట్లే. ఎక్కడ జారుతానో అని మెట్లు చూసుకుంటూ నడిచినవాణ్ణి, అందులో సగం నాకు కొత్త. ఘాటు కనబడాలంటే ఘాటు మీద ఉండకూడదు. ఒడ్డు నుంచి అదే గంగ, అక్కణ్ణుంచీ అదే గంగ అని ఎంత తెలివిగా అన్నాను! గంగ సంగతి సరే, కాశీ కనిపించేది అక్కణ్ణుంచి. ఈసారి వినడం నా వంతైంది. విజయనగరం వచ్చేదాకా విన్నాను.

మా వీధిలో కాశీ బయల్దేరే వాళ్ళు ఇప్పుడు నన్నే సలహా అడుగుతారు, వెళ్ళొచ్చినవాణ్ణని. మొన్న వెనక వీధి బియ్యం కొట్టాయన వాళ్ళమ్మని తీసుకెళ్తూ వచ్చాడు. గదులు, రైళ్ళు అన్నీ అడిగాక, "బోటుకి మరీ రేటంట కదండీ. అంత పెట్టి ఎక్కొచ్చునేటి? దండగేమో" అన్నాడు.

"నేనెక్కలేదు" అన్నాను. అనేసరికి చెవులు వేడెక్కాయి. "లోపల మా ఆవిడున్నాది. ఆవిడ్ని అడగండి."

ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్ళి అదే మాట అడిగాడు. మా ఆవిడ వంకాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి తలెత్తింది.

"మీ యమ్మకి మోకాళ్ళెలాగున్నాయి బాబూ?" అంది.