లాల్‌గడి మలక్‌పేట్ నుంచి దుండిగల్‌కు, సంచిలో ఇంటి కప్పు ముక్క

నా తెలుగు అంత బాగుండదు, ముందే క్షమించగలరు. పగలు స్లాబుల ఇనుప సలాకలు వంచి, రాత్రి కళాశాలలో చదివి పట్టా పొందినవాడిని. వాక్యాలు బిగుసుకుపోతే అది చదువు లోపం కాదు, నా చేతి లోపం.

2012 వేసవిలో ఈ ప్రయాణానికి కారణం హమీదా భాభీ. ఆమె భర్త ఖాజా, నేను కలిసి ఇరవై ఏళ్ల క్రితం లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ల సొంత ఇంటి స్లాబుకు సలాకలు కట్టాము. ఖాజా చనిపోయిన ఏడాదికి వెనక గది కప్పు పెచ్చులూడింది. “సొంత ఇల్లే సక్కగ కట్టుకోలే అంటున్నరు భయ్యా. ఆయన పని ఖరాబేనా? గా ఒక్క మాట నాకు తెల్వాలె” అన్నది భాభీ.

అది తేల్చేందుకు, కప్పు నుంచి సలాకతో సహా కోయించిన గుండ్రటి ముక్కను సంచిలో పెట్టుకొని ఉదయం ఎనిమిదికి బయలుదేరాను. శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు షేర్ ఆటోలో పదిహేను రూపాయలు.

“సంచిల ఏంది సార్, గంత బరువున్నది?” అన్నాడు డ్రైవర్.

“ఇంటి కప్పు ముక్క. ఎక్స్‌రే తీయించాలె.”

“మా అవ్వ మోకాలికే ఇంక తీయించలే సార్.”

మేడ్చల్‌లో బస్సెక్కి పదిన్నరకు దుండిగల్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల చేరాను. “ఈ సలాక కట్టినవి మా చేతులే” అని ప్రయోగశాల మేడంతో గర్వంగానే చెప్పాను. ముక్కను పగలగొట్టకుండా, తిప్పుతూ వందల ఎక్స్‌రేలు తీసి, వాటిని కలిపి లోపలి రూపాన్ని తెరపై చూపే యంత్రమది. రెండు గంటలు పట్టింది. తెల్లగా సలాక, దాని చుట్టూ బూడిదరంగులో తుప్పు, అక్కడి నుంచి పాకిన నల్లటి పగుళ్లు కనిపించాయి.

“సలాక కింద కాంక్రీటు గోరంత మందం కూడా లేదండీ, అందుకే తేమ తగిలి తుప్పు పట్టింది. కింద రాళ్లు పెట్టడం మరిచిపోయినట్టున్నారు” అన్నది మేడం.

మరిచిపోలేదు. సలాకలు స్లాబు పోసే సెంట్రింగ్ పలకకు ఆనకుండా కింద కంకర రాళ్లు ఇరికించడం మా పద్ధతి. వెనక గది నా వంతు. ఆనాడు మబ్బు పట్టింది, వాన రాకముందే ముగించాలని తొందరపడ్డాను. “రాళ్లు పెట్టినవా?” అని ఖాజా అడిగితే “పెట్టిన” అన్నాను. కొన్నేళ్లకు ఆ కప్పుపై ఎర్రటి మరక తేలినప్పుడు “నా చెయ్యే మంచిది కాదు” అన్నాడతను. నేను పక్కనే కూర్చొని చాయ్ తాగాను.

నాలుగింటికి తిరిగొచ్చి చెప్పాను. “ఖాజా పని ఖరాబు కాదు భాభీ. గా గదిల రాళ్లు నేను పెట్టలే. పెట్టిన అని అబద్ధం చెప్పిన.”

ఆమె కప్పు వైపు చూసింది. “ఆయన ఉన్నప్పుడు చెప్తే మంచిగుంటుండె భయ్యా” అన్నది. తర్వాత ఆ గదిలోని మంచాన్ని బయటికి లాగసాగింది. నేను రెండో కొస పట్టుకున్నాను. ఆమె వద్దనలేదు, నా వైపు చూడనూ లేదు.

తెరపై బొమ్మను చదవడం చదువు నేర్పింది. అందులో ఉన్నది మాత్రం నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. మీరూ ఇలాంటి ముక్కను తీసుకెళ్తే, కోసే ముందే కింది వైపున రంగుతో గుర్తు పెట్టండి. లేకపోతే ఏ వైపు ఏదో తేలదు. ఇక నేను రాసిన ఈ కాగితాన్ని మీకు తెలిసిన సలాకల మేస్త్రీకి ఇవ్వండి. చదవలేకపోతే చదివి వినిపించండి, స్లాబు పోయకముందే.