రూతమ్మ పెద్దమ్మ అడిగిన గాడిద

కొబ్బరినూనె వాసనా ఆటో పొగ వాసనా కలిసి ముక్కుకు తగిలితే నా కుడికాలి మడమ ఇప్పటికీ సలుపుతుంది. మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం వాకిట్లో తగిలింది. లోపల ఒకాయన నుదుటికి నూనె రాయడం అప్పుడే అయింది, బయట ఆటో అప్పటికే స్టార్టయి ఉంది. మా సంఘంలో ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి. పక్క ఊళ్ళ విశ్వాసులు కొందరు నవ్వుతారు, కొందరు తప్పు పడతారు. ప్రార్థన మీద నమ్మకం ఉంటే ఆటో ఎందుకని అడుగుతారు. వాళ్ళు రూతమ్మ పెద్దమ్మను చూడలేదు. చూసి ఉంటే ఆ మాట ఆమె ముందు అనగలిగేవాళ్ళు కాదు.

నేను బల్మూరు వైపు నుంచి ఆత్మకూరు దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మగవాళ్ళు సగం మంది బొంబాయి వైపు మట్టిపనికి పోయి ఉండేవాళ్ళు. ఆడవాళ్ళను సాయంత్రం మందిరంలో కూర్చోబెట్టి వాక్యం చదివించేది రూతమ్మ. సంఘమంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. ఒత్తులు పలకక నేను తడబడితే, "దేవునికి ఒత్తులు లేకున్నా తెలుస్తది, నాకే తెల్వదు, మల్ల సదువు" అనేది. ఆమె సంచిలో ఒక పాత దగ్గుమందు సీసా, దాంట్లో కొబ్బరినూనె. రోగులకు రాసి ప్రార్థన చేసేది ఆ నూనెతోనే. వారానికోసారి బస్సెక్కి వనపర్తి సర్కారు దవాఖానకు పోయి, పలకరించే దిక్కులేని రోగుల పక్కన కూర్చొని ప్రార్థించి వచ్చేది. అందుకే ఏ జబ్బును ఎక్కడ చూస్తారో ఆమెకు తెలుసు.

దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషి కథ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. గుడి పనివాళ్ళు చూసి పక్కనుంచి పోతే, పరాయివాడైన సమరయుడు ఆగి, గాయాల మీద నూనె పోసి, కట్టుకట్టి, తన వాహనం మీద ఎక్కించుకొని పూటకూళ్ళ ఇంటికి చేర్చిన కథ. వాహనం అనే మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. గాడిద అనేది.

"మనోళ్ళు నూనె కాడ్నే ఆగిపోతరు, బిడ్డా. వాక్యం ఆడ ఆగలే. గాడిద ఉన్నది, దాని ఎనక పూటకూళ్ళ ఇల్లు ఉన్నది. అయి రెండూ ఎవరు మోస్తరు?"

నెల రోజులుగా దగ్గుతున్న ఒకామె నూనె రాయమని వస్తే, రాసి ప్రార్థించి, మర్నాడు తెమడ పరీక్షకు తానే వెంటబెట్టుకొని పోయింది. మోకాలి నొప్పికి హైదరాబాదులో పెద్ద ఆస్పత్రికి పోతానని ఈశయ్య తాత పట్టుబడితే మాత్రం నవ్వింది. "మోకాలుకు పట్నమెందుకు, తాతా? లిఫ్టు ఎక్కనీకా? ముందుగాల ఆత్మకూరుల సూపిచ్చుకో. ఆళ్ళతోటి కాదంటే ఏడికి పోవాల్నో ఆళ్ళే చెప్తరు." తాత అలిగి రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. మూడో ఆదివారం కర్ర లేకుండా వచ్చాడు.

నేను కోడలిగా వచ్చిన కొన్నేళ్ళకు, వేరుశనగ పీకుతుంటే నా మడమ మీద రక్తపింజర కరిచింది. మధ్యాహ్నం ఎండ. ముందు మంట, తర్వాత పాదం ఉబ్బడం. పొలంలో ఉన్నవాళ్ళు నన్ను ఎత్తుకొని నేరుగా మందిరానికి తెచ్చి, ప్రసంగపీఠం ముందు చాప మీద పడుకోబెట్టారు. పాము కరిస్తే ఊళ్ళో కొందరు మంత్రగాడి దగ్గరికి పోతారు. మేము పోము. అది మాకు పెద్ద గొప్ప. సంఘపెద్ద దేవదానం పాట ఎత్తుకున్నాడు. నా భర్త నా తల దగ్గర కూర్చున్నాడు. నా చిగుళ్ళలో ఇనుము నాకినట్టు రక్తం రుచి తెలుస్తోంది.

కబురందుకొని పెద్దమ్మ వచ్చింది. దేవదానం పాట ఆపి, "నూనె రాయి, పెద్దమ్మా. నీ చేయి పడితే ఇసం దిగుతది. మేము ఉపాసముండి మోకాళ్ళ మీద ఉంటం" అన్నాడు.

ఆమె నా కాలు చూసింది. నా నోరు తెరిచి చూసింది. లేచి నిలబడింది.

"మంత్రగాని ఇంటికి పోమని గొప్పలు చెప్తిరి గద, దేవదానం. మరి నన్నెందుకు మంత్రగత్తెను చేస్తుండ్రు? ఆడ ఏపమండ, ఈడ నా సీస. ఏంది తేడా?"

ఆమె సీసా తీసి, నా నుదుటికి నూనె రాసి, "ప్రభువా, ఈ బిడ్డ నీది, కాపాడు" అంది. అంతే ప్రార్థన. నూనె చేతికి ఆరకముందే వాకిలి వైపు తిరిగింది.

"నూనె అయింది. గాడిద ఏది?"

ఎదురింటి కుర్మన్న తన ఆటో తెచ్చి నిలిపాడు. ఆయన మా సంఘం మనిషి కాదు. "కొత్త టైర్లు ఏయిస్తిని, పెద్దమ్మా. నా బండిని గాడిదంటవా?"

"తక్కువ చెయ్యకు. మా ప్రభువు ఎక్కిండు దాన్ని."

కాలు కదలకుండా కర్ర కట్టి నన్ను ఎక్కించారు. ఊళ్ళో సూదులు వేసే ఆయన అడ్డంగా వచ్చాడు. ముందు తన దగ్గర గ్లూకోజ్ ఎక్కిద్దామనీ, తర్వాత తనకు తెలిసిన చిన్న దవాఖానకు పోదామనీ అన్నాడు.

"ఆడ పాము ఇసానికి ఇరుగుడు సూది ఉన్నదా?"

"ముందుగాల జర బలం రానియ్, పెద్దమ్మా..."

"బలం సంగతి గాదు. సూది ఉన్నదా, లేదా?"

ఆయన పక్కకు జరిగాడు. "అయితే ఆ పూటకూళ్ళ ఇంట్ల మనకు చోటు లేదు. కుర్మన్నా, వనపర్తి పెద్ద దవాఖానకు పోనియ్. యాడా ఆపకు" అంది పెద్దమ్మ. దారి పొడవునా నా తల ఆమె ఒడిలో ఉంది. ఆమె చేతి నూనె వాసన, ఆటో పొగ, ఆమె పెదవుల మీద ఆగని ప్రార్థన. వార్డు తలుపు దగ్గర కూడా ఆపలేదు. డాక్టరమ్మ జరగమంటే జరిగి, గోడవారన నిలబడి కొనసాగించింది.

నేను బతికి వచ్చాను. సాక్ష్యం చెప్పే ఆదివారం వచ్చింది. అభిషేక తైలంతో విషం దిగిన సంగతి చెప్పమని దేవదానం ముందే నేర్పాడు. నేను లేవబోతుంటే పెద్దమ్మ నా కొంగు పట్టుకుంది. "సూదిని దాసి చెప్తే అది అబద్ధ సాక్ష్యమైతది, బిడ్డా. ఆ డాక్టరమ్మను గూడ దేవుడే చేసిండు." నేను నూనెను చెప్పాను, కుర్మన్న ఆటోను చెప్పాను, సూదిని చెప్పాను. రెండు కుటుంబాలు ఆ వారం నుంచి వేరే సంఘానికి పోయాయి. పెద్దమ్మ వాళ్ళ కోసం ప్రార్థించింది కానీ నన్ను మాట మార్చుకోమని మాత్రం అనలేదు.

ఆమె పోయింది వనపర్తి దవాఖానలోనే. గుండె జబ్బు. వచ్చిందని తెలిసిన రోజే తానే ఆటో పిలిపించుకొని వెళ్ళింది. మట్టి చేసిన రోజు ఒకాయన నాతో అన్నాడు, "సూస్తివా, దవాఖాన ఆమెను బతికించిందా?" బతికించలేదు. పూటకూళ్ళ ఇంటికి చేరినవాళ్ళంతా లేచి నడుస్తారని వాక్యం ఎక్కడా చెప్పలేదు. దారిలో వదిలేసి పోవద్దని మాత్రం చెప్పింది. ఆయనకు అప్పుడూ ఇదే చెప్పాను, ఈరోజు అడిగినా ఇదే చెబుతాను. దేవుడు తన దయను ఒక్క సీసాలోనే పోసి మూత పెట్టాడనుకోవడం నా దృష్టిలో విశ్వాసం కాదు.

ఆ దగ్గుమందు సీసా ఇప్పుడు నా సంచిలో ఉంది. మొన్న ఆదివారం నూనె రాసింది నేనే. ఛాతీ పట్టేసిందని చెమటలు కక్కుతూ వచ్చిన మనిషి ముసలి దేవదానం. కళ్ళు మూసుకొని చాప మీద కూర్చోబోయాడు. కూర్చోనివ్వలేదు. నుదుటికి నూనె రాసి, చంక కింద చేయి వేసి లేపాను. గడప దాటుతుండగా ఆయనే రొప్పుతూ నన్ను అడిగాడు.

"గాడిద వచ్చిందా, బిడ్డా?"