రంబుటాన్ తోట రీలు

ఈ వెధవపని చేసింది నేనే. దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దిందీ నేనే.

1999లో దేశంకాని దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో పరంధామయ్యగారి ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం పుణ్యమా అని ఊపిరాడని పని, దానికి తగ్గ పొగరు. ఆయనది ఫ్యాక్టరీలో అద్దాలు తుడిచే పని. వాళ్ల తాతగారు విశాఖ వైపునుంచి ఓడెక్కి అక్కడికి వచ్చారట. సెలవైతే చాలు, ఆయన కెమెరా పట్టుకుని ఊరి చివర క్రాంజి తోటల్లో పడేవారు. తడిగడ్డిలో బోర్లా పడుకుని, ఆకు మీద ఎర్రచీమ మీసాలు కనబడేంత దగ్గరగా ఫొటో తీసేవారు. ఇన్‌ఫ్రారెడ్ ఫిలిం అంటే మరీ పిచ్చి. మన కంటికి ఆనని కాంతిని అది పట్టుకుంటుంది. పచ్చటి ఆకులు వరిపిండి జల్లినట్టు తెల్లగా వస్తాయి. దాన్ని కడగాలంటే చిమ్మచీకటి కావాలి. బాత్‌రూం తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి ఆయనే కడుక్కునేవారు. స్నానానికి ఆలస్యమవుతోందని నేను సణిగేవాణ్ణి.

ఆయన పుట్టింది ఆ క్రాంజిలోనే. తండ్రి నాటిన, ఎర్రటి బొచ్చుపండ్లు కాసే రంబుటాన్ చెట్లు, రేకుల ఇల్లు. కంప్యూటర్ కంపెనీల బిల్డింగుల కోసం తోటని చదును చేస్తారని కబురొచ్చింది. ఆఖరి ఆదివారం వెళ్లి తోటంతా ఒకే ఇన్‌ఫ్రారెడ్ రీలులో తీశారు. తిరిగొస్తూ కాలవలో జారి కాలు విరగ్గొట్టుకున్నారు.

కట్టు కాలితో బాత్‌రూంలో నిలబడలేరు. బెడోక్‌లో చేత్తో రీళ్లు కడిగే కో అనే స్నేహితుడికి ఇమ్మని నాకు అప్పగించారు. మెషిన్‌కి మాత్రం ఇవ్వొద్దని మూడుసార్లు చెప్పారు. రీలు ఎంతవరకు నడిచిందో చూసుకోవడానికి మెషిన్ లోపల ఆ కంటికి ఆనని కాంతే వేస్తుందట. సరేనని తలూపాను. బెడోక్ దాకా ఎవడు పోతాడు? చాదస్తం అనుకుని, ఆఫీసు కింద స్టూడియోలో మెషిన్‌కి ఇచ్చేశాను.

రీలు మొదలునుంచి చివరిదాకా నల్లగా మాడిపోయి వచ్చింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను? కో పాడుచేశాడని చెప్పాను. ఛీ, నా నోరు పడిపోను.

పరంధామయ్యగారు ఫోన్ తీసి, ముప్ఫై ఏళ్ల స్నేహితుణ్ణి నా ఎదుటే చెడామడా తిట్టారు. తర్వాత కాసేపు విన్నారు. అసలు రీలే తన దగ్గరికి రాలేదని కో చెప్పినట్టున్నాడు. అటువైపు ఫోన్ విసురుగా పెట్టేసిన చప్పుడు నాకూ వినబడింది. ఆయన రీలుని కిటికీ వైపు పట్టుకుని కొసదాకా చూశారు. అప్పటికి తోట నేలమట్టమై నాలుగు రోజులు.

"చెట్లు పోయినాయి తంబీ. ఫొటోలు పోయినాయి. నువ్వు నిజం చెప్పుంటే నాకు కో అయినా మిగిలేవాడు," అన్నారు.

గది ఖాళీ చేయమని అనలేదు. కాలు బాగయ్యాక కూడా ఆయన బాత్‌రూం తలుపు సందుల్లో మళ్లీ తువ్వాళ్లు కుక్కలేదు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ నాకు స్నానానికి ఒక్కరోజూ ఆలస్యం కాలేదు.