రాత్రి షిఫ్టు ఇళ్ళకు చప్పుడు లేని పాఠం

రెండు వారాల కిందట ఆదివారం పొద్దున లెక్కల సారు పెద్దకొడుకు ఫోన్ చేసి, "టీచర్, బాపు పోయిండు" అన్నాడు. నెల రోజులుగా ఆయన కరీంనగర్ దవాఖానలో ఉన్నారని తెలుసు. అంతకు వారం ముందే వెళ్ళి చూసి కూడా వచ్చాను. అయినా ఫోన్ పెట్టేశాక వంటింట్లో అలాగే నిలబడిపోయాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందని మావారు వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు.

నేను ఆయన శిష్యురాలిని కాను. గోదావరిఖనిలో ఒక బడిలో సైన్సు చెబుతాను. అదే బడిలో ఆయన లెక్కల సారు. పదకొండేళ్ళు స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీ నాది. మా నాన్నది జ్యోతినగర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం, కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. సారు తండ్రిది బొగ్గుబాయిలో పని. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి కార్మికుల క్వార్టర్లలోనే. నేను "వచ్చేస్తున్నానండీ" అంటే ఆ "అండీ"ని సాగదీసి ఏడిపించేవారు. ఆయన "గట్లనే" అన్నప్పుడల్లా నేనూ వదిలేదాన్ని కాదు. ఆయనకు కంప్యూటర్ నేర్పింది నేనేనని ఊరంతా చెప్పుకుని తిరిగాను. అందులో నిజం సగమే. మిగతా సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కరోనా వచ్చి బడి మూతపడ్డ ఏడాది, రోజూ పదిగంటలకు అందరూ ఆన్‌లైన్‌లో పాఠం చెప్పాలని యాజమాన్యం చెప్పింది. సారు రిటైర్మెంటుకు రెండేళ్ళు కూడా లేవు. ఆయన పక్కకు తప్పుకుంటారనే అనుకున్నాం. మర్నాడు చూస్తే మా గేటు దగ్గర ఉన్నారు, ముక్కు మీద దస్తీ, చంకలో పొడుగాటి నోటుబుక్కు. "బిడ్డా, నాకిది రావాలె. ఎన్ని దినాలైనా మంచిదే, సగం నేర్పి ఇడువకు" అన్నారు.

నేర్చుకునే తీరులో ఆయన ఎంత మొండివారో అప్పుడు చూశాను. నేను చెప్పిన ప్రతిదీ ఆ బుక్కులో సొంత మాటల్లో రాసుకున్నారు. "కింద ఎర్రగుండ్రం. ఒక్కపారే ఒత్తాలె. రెండుపార్లు ఒత్తితే బందయితది" అని ఒక పేజీలో ఉంది. పాఠం క్లౌడులో దాచుకోవచ్చు, పిల్లలు ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు అని చెబితే, "మేమంతా కిందికి దిగి బతికినోళ్ళం. నువ్వేమో మొగులు మీద పెట్టుమంటున్నవ్" అని నవ్వారు. మొగులంటే ఇక్కడ మబ్బు. మూడోసారి చెప్పినప్పుడు నాకు విసుగొచ్చింది. ఆయన మాత్రం పిల్లలకు చెప్పే మాటే తనకూ చెప్పుకున్నారు. ఎవరైనా లెక్క తప్పు చేస్తే ఆయన తప్పు అనేవారు కాదు. "ఇంకొక్కపారి నడిచి రా" అని మళ్ళీ మొదటి మెట్టు నుంచి చేయించేవారు, అంతే.

వాళ్ళ వంటింటి గోడకు నల్లబల్ల ఆనించి పాఠాలు ముందే రికార్డు చేసి, పదిగంటల క్లాసులో చూపించేవారు. కుక్కరు కూతలు కూడా అందులో పడేవి. మూడో కూతకల్లా లెక్క తేలిపోతుందని పిల్లలు కనిపెట్టారు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు కదిలితే, సుద్దముక్క పట్టుకుని చప్పుడు ఆగేదాకా నిలబడి, ఏమీ కానట్టు తర్వాతి మెట్టు రాసేవారు. ఆ ముక్కలు కోసేయడం నేర్పిస్తానన్నాను. ఇవి లేకపోతే మన ఊరి పాఠమని ఎట్లా తెలుస్తుందని అడిగారు. అవి అలాగే ఉండిపోయాయి.

అసలు చిక్కు హాజరుతో వచ్చింది. పదో తరగతిలో నలభైఒక్క మంది ఉంటే, పదిగంటల క్లాసుకు పద్నాలుగు మందికి మించి రాలేదు. వారం తర్వాత కూడా అంతే. మిగతావాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు, వాళ్ళ పేర్లు ఈ ఏడాది పదో తరగతి నుంచి తీసేద్దామని యాజమాన్యం అనుకుంది. జాబితా కూడా రాయడం మొదలైంది. పేరు పోయిన పిల్లలు మళ్ళీ బడి మొహం చూడరని మా అందరికీ తెలుసు. అయినా నాతో సహా ఎవరమూ నోరు మెదపలేదు.

సారు హాజరుపట్టీ ఇంటికి పట్టుకుపోయారు. రెండురోజుల తర్వాత తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి పేరు పక్కనా ఆ పిల్లల తండ్రి ఏ వారం ఏ షిఫ్టులో ఉన్నాడో పెన్సిల్‌తో రాసి ఉంది. వచ్చినవాళ్ళ సంఖ్య మారలేదు కానీ, వచ్చిన పిల్లలు వారం వారం మారుతున్నారు. ఆ సంగతి మాలో ఒక్కరమూ చూడలేదు. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. తండ్రి కిందికి దిగితేనే ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనూ పిల్లల చేతికి వస్తుంది. పదిగంటలప్పుడు కింద ఉండేది పొద్దుటి షిఫ్టు వాళ్ళే. రెండో షిఫ్టు వాళ్ళు ఆ వేళకు ఫోన్ పట్టుకుని బజారులో ఉంటారు. ఇక రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు పడుకుని ఉంటారు. ఆ ఇంట్లో ఫోన్ ఖాళీగానే ఉంటుంది కానీ చప్పుడు చేయకూడదు. షిఫ్టులు అడిగి రాసుకున్నారు కానీ, ఇళ్ళలో జరిగేది ఆయన ఎవరినీ అడిగి తెలుసుకున్నది కాదు. చిన్నప్పుడు తండ్రి నిద్రపోతుంటే ఇంట్లో గిన్నె కూడా మోగనివ్వని తల్లి దగ్గర పెరిగిన మనిషి.

ఆ పట్టీతోనే యాజమాన్యం దగ్గరికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. "పోరగాండ్లకు శ్రద్ధ లేక కాదు సార్. మనం పెట్టిన యాళ్ళ వాళ్ళది కాదు. నాకొక్క నెల ఇయ్యుర్రి, ఒక్క పేరు గూడ కొట్టద్దు" అన్నారు. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. నెల ఇచ్చారు.

ఇక ప్రతి పాఠమూ రెండు రకాలుగా చేశారు. ఒకటి మామూలుగా, మాటతో. రెండోది రాత్రి షిఫ్టు ఇళ్ళకు, మాట లేకుండా. అందులో తెల్లకాగితం, ఆయన చెయ్యి, కలం ఉంటాయి. నోటితో చెప్పేదంతా పక్కన చిన్న అక్షరాల్లో రాసేవారు. పాఠాలన్నీ క్లౌడులో ఒక ఫోల్డరులో పెట్టి, ఎప్పుడు వీలైతే అప్పుడు చూసుకొమ్మన్నారు. పని అయిపోయిందనుకున్నాం.

మూడురోజులు పోయాక ఒకమ్మాయి నాకు ఫోన్ చేసింది. గొడవ పడటానికి కాదు, ఎంతో మర్యాదగా అడిగింది. "టీచర్, పాఠం తీసుకునేతందుకు నా నంబరు ఎప్పుడొస్తది?"

తెరిచి చూస్తే ఫోల్డరు ఖాళీ. సారు అందరికీ దాన్ని మార్చే హక్కు కూడా ఇచ్చేశారు. పైగా "చూసినంక ఎక్కడియి అక్కడ పెట్టుర్రి" అని మెసేజ్ పెట్టారు. బాయి దగ్గర కార్మికులు ల్యాంపు రూములో తలకు పెట్టుకునే దీపం తీసుకుని, డ్యూటీ అయ్యాక దాని నంబరులోనే మళ్ళీ పెడతారు. పిల్లలు అచ్చం అదే పని చేశారు. రోజూ పొద్దున ముందుగా తెరిచిన పిల్లవాడు పాఠాలన్నీ తన ఫోల్డరులోకి మార్చుకుని, చూసి, సాయంత్రం బుద్ధిగా తెచ్చి పెట్టేవాడు. మిగతా నలభై మందీ తమ వంతు కోసం ఆగారు. ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు.

నేను కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. సారు నవ్వలేదు. నెలలో మూడురోజులు పోయాయి మరి. ఆ సాయంత్రమే వచ్చి కూర్చుని, చూడటానికి మాత్రమే అనుమతి ఎలా ఇవ్వాలో నేర్చుకుని, బుక్కులో రాసుకున్నారు. లేచేటప్పుడు, "దీపం ఒక్కటుంటే వంతులు పెట్టుకోవాలె. వెలుగుకు వంతేంది బిడ్డా" అని అప్పుడు నవ్వారు.

నెల తిరిగేసరికి నలభైఒక్క మందీ చేసిన లెక్కల ఫొటోలు వచ్చాయి. జాబితా చించేశారు. ఆయన గెలిచానని ఎవరి దగ్గరా అనలేదు. నేనే ఆ ముక్క అందరికీ చెప్పి వచ్చాను.

బడి తెరిచాకా, రిటైరయ్యాకా కూడా పాఠాలు చేయడం ఆయన ఆపలేదు. నంబరు ఎప్పుడొస్తుందని అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు గోలేటిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది, ఈ పాఠాలే చూపించి. సారు పోయారని చెబితే చాలాసేపు ఏడ్చి, చివరికి పాఠాలు ఉంటాయా టీచర్ అని అడిగింది. అవన్నీ సారు ఖాతాలో ఉన్నాయి. దాని తాళం సారు ఫోన్ నంబరు. నెల పోయాక ఆ నంబరు తీసేస్తామని కొడుకు అప్పటికే నాతో అన్నాడు.

దినవారాలు కాకుండా ఆ ఇంట్లో ఇలాంటి మాట ఎత్తడానికి మనసొప్పలేదు. పదకొండో రోజు వెళ్ళినప్పుడు ఎలాగో అడిగాను. కొడుకు ఆశ్చర్యపోయాడు. దవాఖానలో సారు అతని ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, రెండురోజులు రాత్రీ పగలూ మంచం మీదే ఏదో చేస్తూ కూర్చున్నారట. ఏమిటని అడిగితే, చార్జి అప్పజెబుతున్న అన్నారట.

అప్పుడు గుర్తొచ్చింది. నేను చూడటానికి వెళ్ళిన రోజు సారు, మెయిల్ చూసినవా అని నన్ను అడిగారు. మగతలో అంటున్నారనుకుని, ఆయన తృప్తి కోసం, చూశాను సార్ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. అది అబద్ధమని ఆయనకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది.

ఇంటికి వచ్చి తెరిచాను. ప్రకటనల మెయిళ్ళ కింద కుప్పగా పడి ఉన్నాయి ఆ మెయిళ్ళు. ఈ పాఠానికి ఇకమీదట మీరు సొంతదారుగా ఉంటారా అని ఒక్కో పాఠానికీ ఒక్కో మెయిలు, నూటికి పైగా. ఫోల్డరు ఇచ్చినంత మాత్రాన లోపలివి రావని, ఒక్కొక్కటీ విడిగా అప్పగించాలని ఆయనకు నేను నేర్పలేదు. నాకే తెలియదు. ఎవరిని అడిగారో, ఎన్నిసార్లు నడిచి వచ్చారో.

ఒక్కొక్కదానికీ ఒప్పుకుంటూ వచ్చాను. ప్రతి మెయిలు పక్కనా అది పంపిన వేళ ఉంది. తెల్లవారుజామున మూడూ పది. మూడూ పన్నెండు. మూడూ పదిహేను. తర్వాత గంటన్నర ఏమీ లేదు, అలిసి వాలిపోయి ఉంటారు. మళ్ళీ నాలుగూ నలభైఐదు, నాలుగూ నలభైఎనిమిది.