కారు తలుపు మీది మాట

నా చిన్నప్పుడు, సాగర్ కాలవలు ఇంకా తవ్వుతున్న రోజుల్లో, నరసరావుపేట పక్కన మా ఊళ్లో మా తాతయ్య ఒక నల్లకారు కొన్నాడు. ఊరి ప్రెసిడెంటు ఆయన. మహా మొండిమనిషి. తప్పు తనదైనా సరే, ఒకరి ముందు ఒప్పుకునే రకం కాదు. ఆ మొండితనం నాకూ వచ్చిందని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు.

పంచాయితీ ఎన్నికలైన కొద్దిరోజులకు, ఒకనాడు పొద్దున్నే చూస్తే కారు తలుపు మీద ఎవరో మేకుతో ఒక బూతుమాట గీసి పోయారు. ఓడినవాళ్ల పనేనని అడక్కుండానే తెలుస్తోంది. అంతకుముందు అలాంటి మాట మీదే బరిసెలు లేచి మా నాన్న పోయాడు. తాతయ్యకు ఇక మిగిలింది మా చిన్నాన్న ఒక్కడే. ఆయనకేమో ముక్కు మీద కోపం. గుంటూరు వెళ్లినవాడు సాయంత్రం బస్సుకు వస్తాడు. వచ్చి ఇది చూశాడంటే బరిసె పట్టుకునే గడప దాటతాడని నాయనమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

కారును పేటలో రిపేరు షెడ్డుకు తీసుకెళ్తే దారిపొడుగునా జనం చదువుతారు, చిన్నాన్న బస్సు దిగకముందే చెవిన పడుతుంది. అందుకని తాతయ్య కారు మీద గోనెపట్టాలు కప్పి, సైకిలెక్కి షెడ్డుకు వెళ్లి, పాలిష్ మిషను అడిగి తెచ్చాడు. గొర్రెబొచ్చు తొడిగిన చక్రం కరెంటు మీద గిర్రున తిరిగేది. ఒకచోట ఆపకూడదని, అంచుల మీద నొక్కకూడదని అక్కడ చెప్పారట. ముందు డిక్కీ మీద నేర్చుకున్నాడు. మొదట్లో మిషనే ఆయన్ను లాక్కుపోయింది, కాసేపటికి చెయ్యి కుదిరింది. నీళ్లు చిలకరించే పని నాది.

తలుపు మీద మాట చెరుగుతున్నకొద్దీ తెల్లటి బొచ్చు నల్లబడింది. మురికి వస్తోందన్నాను.

"మురికి కాదమ్మా, మన కారు రంగే. గీత పూడదు. చుట్టూ ఉన్న మన రంగే దాని లోతుకు అరగాలి," అన్నాడు తాతయ్య.

చివరి అక్షరం తలుపు అంచున ఉంది. అది పోయేదాకా నొక్కేసరికి రంగంతా లేచిపోయి, అరచేయంత మేర అడుగు ఎర్రపూత బయటపడింది. తాతయ్య మిషను ఆపేశాడు. ఎవరడిగినా ఏమీ తెలీదని చెప్పమన్నాడు నన్ను.

సాయంత్రం చిన్నాన్న వచ్చి తలుపు ముందు నిలబడిపోయాడు.

"ఏంది నాన్నా ఇది? ఎవరి పని?"

"నా పనేరా. మిషను నేర్చుకుందామని పాడుచేశా," అని తాతయ్య తల దించుకున్నాడు.

చిన్నాన్న అంతటితో వదల్లేదు. చేతగాని పనులెందుకని, ఈ వయసులో సరదాలేందని, పాలేళ్ల ముందే దులిపేశాడు. తాతయ్య వంచిన తల ఎత్తకుండా మిషను వైరు చుట్టుకుంటూ ఉండిపోయాడు. ఆయన్నలా చూడలేక నాకు ఏడుపొచ్చింది. నాయనమ్మ మాత్రం లేచి, పొద్దుట్నుంచీ ముట్టించని పొయ్యి వెలిగించింది. గీసినవాళ్లు గొడవ కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి ఊరుకున్నారు.

నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం ఆ రోజే నేర్చుకున్నాను. పెళ్లిళ్లలో పంక్తిన కూర్చున్నప్పుడల్లా చిన్నాన్న, వాళ్ల నాన్న కారు పాడుచేసిన కథ చెప్పి అందర్నీ నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. చిన్నాన్న బాగా ముసలివాడయ్యాక, తన మంచం మీదే, మనవళ్ల మధ్య కన్నుమూశాడు. ఆ తలుపు మీద ఏం రాసి ఉండేదో ఆయనకు తెలియకుండానే పోయాడు.