రెండు గొట్టాల నడుమ నీలి మంట

సైన్సు సారు మొన్న కోరుట్లలో పోయారు. సభ లేదు, పేపర్లో ఫోటో లేదు. పదో తరగతితో ఆగినదాన్ని, రాయడం నా పని కాదు. ఆయన ల్యాబులో అటెండరుగా చేసినదాన్ని నేనైనా రాయకపోతే ఇంకెవరూ రాయరని కలం పట్టాను.

జగిత్యాల కాలేజీలో ఏటా ఆయన ఒక ప్రయోగం చేసేవారు. ఒక గొట్టంలోంచి గ్యాసు, ఎదుటి గొట్టంలోంచి గాలి. గాలి కోసం కంసాలి దగ్గర పాత తిత్తి తెచ్చుకున్నారు. దాన్ని కాలితో తొక్కడం నా పని. లోలోపల దేవుణ్ణి తలుచుకుంటూ ఒకే లయలో తొక్కేదాన్ని. నడుమ నీలి మంట పళ్లెంలా నిలబడేది. "ఇంకాస్త గట్టిగా అమ్మా" అనేవారు. మంట మధ్యలో చిల్లు పడి, దాని అంచు వెనక్కి జరిగేది. "ఇప్పుడు తగ్గించు" అనగానే ఆ అంచే పాకుతూ వచ్చి చిల్లు పూడ్చేది.

"రెండు వైపులా గట్టిగా ఊదితే మంట పెరగదురా, చిరుగుతుంది" అని పిల్లలకు చెప్పేవారు.

ఆయనది కింద ఆంధ్రాలో గోదావరి జిల్లా. భార్య ఇక్కడే పోయింది, బూడిద ధర్మపురి గోదాట్లో కలిపారు. "నన్నూ ధర్మపురిలో కలిపెయ్యమ్మా, అదే నీళ్లు మా ఊరికీ పోతాయి" అని నవ్వేవారు.

తెలంగాణ సమ్మె రోజుల్లో పిల్లలు ల్యాబులోకి వచ్చారు. ముందున్నవాడు సిరిసిల్ల పిల్లగాడు, సారు ఇంట్లో అన్నం తిని చదివినవాడు.

"సార్, మీదే ఊరు?"

"జగిత్యాల."

"గది ఉంటున్న ఊరు సార్. మీ అయ్యది ఏ ఊరు?"

అందరూ నవ్వారు. "జరుగక్కా, మన మంట ఎట్లుంటదో సారుకు సూపెడ్త" అని వాడు గ్యాసు మొత్తం తిప్పి, తిత్తిని ఎగిరెగిరి తొక్కాడు. మంట చిరిగింది. అంచులు బయటికి పరుగెత్తి ఆరిపోయాయి.

సారు గ్యాసు కట్టేశారు. "తగ్గించి ఉంటే తిరిగొచ్చేది నాన్నా."

"మీరు గూడ తిరిగిపోతే మంచిగుంటది సార్."

ఇంటివాళ్లు సారుతో ఇల్లు ఖాళీ చేయించారు. సొంతూరు వెళ్తే, "వాళ్లలో కలిసిపోయావుగా, అక్కడే ఉండు" అని తమ్ముడు గుమ్మంలోంచే పంపాడట. రాష్ట్రం వచ్చిననాడు నేనూ కొబ్బరికాయ కొట్టాను. సారు కోరుట్లలో ఒంటిగదికి చేరారు.

మొన్న సారు తమ్ముడికి నేను ఫోన్ చేస్తే, "అక్కడే కానివ్వండి" అన్నాడు. గది యజమాని, "వాళ్ల ఊరికి తోలుండ్రి, ఈడ కొరివి ఎవరు పెడ్తరు?" అన్నాడు. సిరిసిల్ల పిల్లగాడు ఇప్పుడు లెక్చరరు. "అయ్యో పాపం అక్కా! పనిల ఉన్న. సారు ఫోటో ఉంటే పంపు, స్టేటస్ పెడ్త" అన్నాడు.

సారును మున్సిపాలిటీ బండి తీసుకుపోయింది. మర్నాడు బూడిద కోసం వెళ్లాను. "ఎవ్వరు రాకపాయె, ఊడ్చేసినం అమ్మా" అన్నాడు కాటికాపరి.

ఖాళీ చేతులతోనే ధర్మపురి బస్సెక్కాను. దొన్నెలో దీపం పెట్టి గోదాట్లో వదిలాను. గాలికి మంట సన్నబడి వత్తి అంచుకు జరిగింది. అరచేతులు అడ్డం పెట్టాను. నీళ్లు దాన్ని నా చేతుల్లోంచి లాక్కుపోయాయి.

చదివినవాళ్లు ఈ కాగితాలు దాచి ఉంచండి. ఎవరికీ చూపకండి. చూపితే స్టేటస్ పెట్టుకుంటారు.