పన్నెండో ఫ్లోర్‌కెక్కిన మా దావత్

దమ్ముంటే నమ్మండి రా! నిన్న మా ఇంటి దావత్‌కి పద్నాలుగు మంది వచ్చిన్రు. ఫ్యాన్ కింద హాయిగా కూర్చున్నరు, ఆరెంజెస్ తిన్నరు. మేమేమో మా ఇంట్ల బిర్యానీ ముందేసుకుని ఏడుపు మొహాలతోని ఉన్నం! కారణం? ఇంకెవరు, నేనే.

మా చెల్లె సనాకి బిస్మిల్లా. అంటే ఫస్ట్ టైం అక్షరాలు దిద్దిపిస్తరు. దానికోసమే మా నానీ, అంటే అమ్మమ్మ, హైదరాబాద్ నుంచి సింగపూర్‌ల మా ఇంటికి దిగింది. "కార్డు ఉర్దూలనే ఉండాలె. అంకెలు కూడా ఉర్దూవే. ఇంగ్లిష్ నక్కో!" అని పట్టుబట్టింది. ఆమె చెప్తుంటే నేను మా నాయిన, అదే అబ్బా, ల్యాప్‌టాప్‌ల టకటకా కొట్టేసిన. మాది 08-12. ఎనిమిదో ఫ్లోర్, పన్నెండో ఇల్లు.

"చెక్ చేసినవా?" అన్నడు అబ్బా.

"ఆ, చేసిన!" అన్న. ఏం చెయ్యలే. ఈమెయిల్ కొట్టేసిన.

వచ్చేటోళ్లంతా అబ్బా ఆఫీసోళ్లు. జాబ్ దొరికి మొన్నమొన్ననే సింగపూర్ వచ్చిన్రు, మా ఇల్లు ఒక్కరు కూడా చూడలే. అబ్బా ఫోన్ నంబర్ కూడా వాళ్లకు కార్డుల చూసిందే.

పదకొండుకు ఫంక్షన్. పదకొండున్నరయింది, ఎవ్వరూ లేరు. పన్నెండయింది. సనా కొత్త డ్రెస్‌లనే పడుకుంది. నానీ తలుపు కాడ కుర్చీ ఏసుకుని లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. ఆఖరికి మెల్లగ అడిగింది, "ఈ ఊర్ల మీకు ఎవ్వరూ లేరారా?"



అబ్బా ఇంక ఆగలేక ఆ ఆఫీసోళ్లల్ల ఒకరైన ఖాలిద్ అంకుల్‌కి ఫోన్ కొట్టిండు. "ఎక్కడున్నరు భాయ్?"

"మీ ఇంట్లనే! మీరెక్కడున్నరు? గంట నుంచి కార్డు మీదున్న నంబర్‌కి చేస్తున్నం, ఎవరో తాత ఎత్తి తిడుతుండు. మీ ఓనర్ ఆంటీ మాత్రం చాలా మంచిది!"

ఓనర్ ఆంటీ ఎవరు రా బాబూ! అబ్బా కార్డు తీసి చూసిండు. 12-08! పన్నెండో ఫ్లోర్, ఎనిమిదో ఇల్లు! కింద అబ్బా ఫోన్ నంబర్ మధ్యల స్టైల్‌గ గీత పెట్టిన కదా, దాని రెండు ముక్కలు కూడా ఇటుదటు అయినయ్!

నేను కొట్టింది 08-12నే, ఒట్టు! తర్వాత నెట్‌ల చదివిన. ప్రతి అంకెకి లోపల ఒక కోడ్ ఉంటది. ఉర్దూ ఎనిమిదికి ఒకటి, ఇంగ్లిష్ ఎనిమిదికి ఇంకోటి. ఆ కోడ్లు నేను కొట్టిన ఆర్డర్‌లనే ఉన్నయ్. కానీ ఉర్దూ కుడి నుంచి ఎడమకి పోతది, అంకెలేమో ఎడమ నుంచి కుడికి. మధ్యల గీత తగిలితే ఆ పిచ్చి కంప్యూటర్ రెండు వేరే నంబర్లనుకుని, వాటిని కుడి నుంచి పేర్చి చూపిస్తదట.

"అబ్బా, కంప్యూటర్ మెమరీల కరెక్ట్‌గనే ఉంది!" అన్న, రాత్రి.

"గెస్టులు మెమరీల రారు బేటా, లిఫ్ట్‌ల వస్తరు" అన్నడు.

అప్పుడైతే కార్డు చూడంగనే పైకి ఉరికినం. తలుపు ముందు చెప్పుల గుట్ట! లోపల ఒక ముసలి చైనీస్ ఆంటీ, ఒక్కతే ఉంటదట. వీళ్లు పిల్లలతోని కాయితం పట్టుకుని కారిడార్‌ల తిరుగుతుంటే, "సిట్ ఫస్ట్ లా!" అని లోపలికి పిలిచిందట. తన వంట హలాల్ కాదని అది పెట్టలే. ఉత్త నీళ్లు, ఆరెంజెస్. అవి కూడా కొత్త పేపర్ ప్లేట్లల! నేను సారీ అంటే, "నెవర్ మైండ్ లా బాయ్. మై హౌస్ లాంగ్ టైమ్ నో పీపుల్" అని నవ్వింది.

నానీకి ఇంగ్లిష్ ముక్క రాదు. ఆంటీ చెయ్యి పట్టుకుని కిందికి తెచ్చింది, సనాని లేపి ఆమె పక్కనే కూర్చోపెట్టింది. బిర్యానీ ఫస్ట్ ప్లేట్ ఆంటీకే. ఆమె గనక తలుపేసుకుని ఉంటే, నానీ జన్మల ఈ ఊరిని మాఫ్ చెయ్యకపోవు. నన్నైతే అసలే చెయ్యదు. ఆంటీకి ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే రా, సీరియస్‌గా.

ఆగండాగండి, నానీ పిలుస్తుంది.

"ఇమ్మూ! ఆంటీని హైదరాబాద్ రమ్మన్న. మనింటి అడ్రస్ కొట్టియ్యి, ఉర్దూల!"

అయిపోయిన రా. ఆ ఇంటి నంబర్‌ల గీతలే మూడున్నయ్... ఆతూ నానీ, వస్తున్న!